ఇదేమిటో చెప్పుకోండి

మా వాట్సాప్ గ్రూపులో ఆదివారమొచ్చిందంటే ఒకటే ఆట. ఒకరు ఫొటో పెడతారు, అదేమిటో మిగతావాళ్లు చెప్పాలి. మాటల్లేని పొడుపుకథ అన్నమాట. పోయిన వారం బోధన్ మిత్రుడు జానెడు గొట్టం పెట్టాడు. ఒక కొసన కన్ను ఆనించే అద్దం, ఇంకో కొసన ఏటవాలు గాజు, దానికో చిన్న మూత. ఖలీల్‌వాడి నుంచి ‘కంటి డాక్టరుది’ అన్నారు. దుబాయ్ నుంచి ‘దుర్బిణి’ అన్నారు. నేను టార్చిలైటన్నాను, ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

చివరికి చెప్పింది ఒకప్పుడు చెరుకు వేసిన పెద్దాయన. బ్రిక్స్ మీటరు! గడ రసం ఒక్క చుక్క గాజుమీద వేసి, మూత వాల్చి, వెలుతురుకేసి పట్టి చూస్తే లోపల నీలం, తెలుపు కలిసేచోట ఒక అంకె కనబడుతుంది. నూరు గ్రాముల రసంలో సుమారు అన్ని గ్రాముల తీపి. 18 దాటిందా, చెరుకు పక్వానికొచ్చినట్టే.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి 2015లో తాళం పడింది. మిత్రుడి గొట్టం మాత్రం పనిచేస్తోంది. మొన్న బత్తాయి రసం వేసి చూశాడట, 10 చూపించిందట.

ఈ సంచిక అట్టమీది వస్తువేమిటో నేను చెప్పను. చివరి పేజీ ముందే తిప్పకండి.