దరఖాస్తులో గడి లేని సంగీతం

మన సాంస్కృతిక వ్యవస్థ సంగీతానికి మూడు గదులు కట్టింది. ఒకటి శాస్త్రీయం, రెండవది జానపదం, మూడవది సినిమా. మొదటి రెండింటిని ప్రభుత్వం ఆదుకుంటుంది. మూడవదాన్ని బజారు పోషిస్తుంది. ఈ మూడింటి నుంచీ తనకు కావలసినది తీసుకుని, ఏ ఒక్కదానిలోనూ ఒదగక, నవ్వుతూ నవ్విస్తూ పాడే స్వతంత్ర రాక్ బృందానికి వసారాలో కూడా చోటు దక్కడం లేదు. అది ఆ సంగీతం లోపమేనని పెద్దలు చాలామంది భావిస్తున్నారు. లోపం గదులు కట్టిన తీరులో ఉందన్నది ఈ వ్యాసకర్త వాదన.

ఈ వాదనకు జంషెడ్‌పూర్ కంటే తగిన రంగస్థలం మరొకటి కనిపించదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1919లో సాక్చి గ్రామానికి జంషెడ్‌పూర్ అని పేరు మారింది. కొలిమి వెలుగును వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ వచ్చినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్రుల సంఘం ఆ వలసకు నేటికీ సాక్ష్యాలు. సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి, తెలుగు మాటలు ఒకే సంతలో వినిపించే ఊరది. షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడి చెవిన పడే పాటకు ఒక్క కులమూ ఒక్క గోత్రమూ ఉండవు. అటువంటి ఊరికి 'స్వచ్ఛమైన' సంగీతం మాత్రమే వినిపించాలనడం ఉక్కులో ఇనుము తప్ప మరేదీ ఉండకూడదని పట్టుపట్టడం వంటిది. ఇనుముకు బొగ్గుసారం తోడైతేనే ఉక్కు అవుతుందని ఆ ఊరి పిల్లవాడికి సైతం తెలుసు.

2014 నుంచి ఆ నగరంలో 'సంవాద్' పేరుతో ఆదివాసీ సమ్మేళనం జరుగుతోంది. బిర్సా ముండా జయంతి అయిన నవంబరు 15న అది ప్రారంభమవుతుంది. ఆ సమ్మేళనం నీడలో రూపుదిద్దుకున్న 'రిథమ్స్ ఆఫ్ ది ఎర్త్' అనే ఆదివాసీ కళాకారుల సమూహంతో కర్ణాటకకు చెందిన 'స్వరాత్మ' బృందం కలిసి పనిచేసింది. ఆదివాసీ వాద్యాలు ఒకవైపు, గిటారూ వయొలినూ మరొకవైపు. ఎవరు ఎవరిని చెడగొట్టారు? ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు, అంతే. ఈ కలయికను నమోదు చేయడానికి మన పత్రాలలో శీర్షిక లేకపోవడం ఎవరి దారిద్ర్యం?

స్వరాత్మను రికార్డులో వినడం వేరు, ఎదుట నిలిచి చూడడం వేరు. రంగురంగుల వేషాలతో వేదిక ఎక్కుతారు. గాయకుడు వాసు దీక్షిత్ గుర్రపు బొమ్మను నడుముకు తగిలించుకుని గంతులు వేయడం ఆ బృందం ప్రదర్శనలకు పేరు తెచ్చింది. మన కీలుగుర్రపు ఆటను ఎరిగినవారికి అది పరాయి వింతగా తోచదు. 2012లో వెలువడిన వారి 'టోపీవాలే' రాజకీయ నాయకులపై వ్యంగ్యం. తెలుగువాడికి దాన్ని వివరించనక్కరలేదు, టోపీ పెట్టడమంటే ఏమిటో మన భాషే చెబుతుంది. అదే బృందం 2009 నాటి తొలి సంపుటంలో 'ప్యాసీ' అనే పాటలో కావేరీ నది గోడు వినిపించింది. గుర్రమై గంతులు వేసిన గొంతే నదియై దుఃఖించగలదు. నవ్వించేవాడికి గాంభీర్యం చేతకాదనే దురభిప్రాయానికి ఇంతకంటే సమాధానం ఏముంటుంది?

నిజానికి హాస్యాన్ని తక్కువగా చూసే అలవాటు మన సంప్రదాయానిది కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం మాట్లాడతారు. కథ కరుణరసంలో ఉండగానే హాస్యపు వంత ఒక చమత్కారం విసురుతాడు. సభ నవ్వుతుంది, మరుక్షణం కన్నీరు పెడుతుంది. తంబురా, గుమ్మెటలు, ముగ్గురు మనుషులు, జనం గుండె దడ పెంచే లయ. దీన్ని బృందగానం అనకపోతే ఏమంటాం? ఈ కళను శిఖరాలకు చేర్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం నడుమ కేతిగాడు, బంగారక్క ప్రవేశించి అధికారుల నుంచి ఆసాముల వరకూ అందరినీ ఆటపట్టిస్తారు. నాజర్‌నూ కేతిగాడినీ గౌరవించిన జాతి, విద్యుత్ గిటారు పట్టుకుని అదే పని చేస్తున్న కుర్రవాడిని చూసి ముఖం చిట్లించడం న్యాయమా?

'రాక్ పరదేశీ సరుకు' అనే ఆక్షేపణ తరచుగా వినవస్తుంది. వాద్యానికి పాస్‌పోర్టు అడగడం మొదలుపెడితే మన కచేరీ వేదిక సగం ఖాళీ అవుతుంది. వయొలిన్ ఐరోపా నుంచి వచ్చింది. దాన్ని బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టు స్వరాలు రచించారు. ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో ఆ పరదేశి వాద్యం తెలుగు పలుకు పలికింది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ను రాగాలాపనకు లొంగదీశాడు. హార్మోనియం లేకుండా మన పద్యనాటకాన్ని ఊహించగలమా? నాటి సంకరమే నేటి సంప్రదాయం. ఈ సంగతి తెలిసీ, నేటి సంకరానికి తలుపు వేయడం తాతలు చేసిన సాహసానికి ద్రోహం చేయడమే.

ఇక పాలనాయంత్రాంగం వైపు చూద్దాం. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలలో సంగీత బృందాలకు ఆర్థిక సహాయం లేకపోలేదు. అయితే అది గురుశిష్య పరంపర పేరు మీద నడుస్తుంది. నలుగురు స్నేహితులు ఒక షెడ్డులో చేరి, ఒకరికొకరు గురువులై, ఒకరికొకరు శిష్యులై నేర్చుకుంటే, గురువు పేరు రాయవలసిన గడిలో ఏమి రాయాలి? 2006లో ఏర్పడిన ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం నలభై ఏళ్లలోపు కళాకారులను గుర్తిస్తున్నది. మంచిదే. యువత నేడు స్వయంగా రాసి, స్వయంగా బాణీ కట్టి, స్వయంగా పాడుతున్న ఈ ప్రక్రియకు ఆ గుర్తింపులో తనకంటూ ఒక పేరు ఉండవద్దా?

నష్టం ఎవరికంటే తెలుగు భాషకే ఎక్కువ. మన పాట బరువంతా సినిమా భుజాల మీద మోపాం. సినిమా పాటకు కథ కావాలి, నాయకుడు కావాలి, పెట్టుబడి తిరిగి రావాలి. నిన్న సాయంత్రం వీధిలో జరిగినదాన్ని ఇవాళ ఉదయం పాటగా కట్టే తీరిక దానికి ఉండదు. 2020లో కరోనా వ్యాపిస్తున్నప్పుడు హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందం చేయీ చేయీ కలపవద్దని చమత్కారంగా హెచ్చరిస్తూ పాట కట్టి జనంలోకి వదిలింది. జమైకా నుంచి వచ్చిన రెగే లయ, తెలంగాణ పలుకుబడి, గ్రామీణ హాస్యం అందులో కలిసిపోయాయి. అది ఏ శాఖ ఆదేశించిన పని? ఏ నిర్మాత డబ్బు పెట్టిన పని? ప్రజల ఆపదను గుర్తించిన కళాకారుల పని.

ప్రవాసాంధ్ర సంఘాలకు కూడా ఈ నిందలో వాటా ఉంది. ఉగాదికీ సంక్రాంతికీ సినిమా పాటల ఆర్కెస్ట్రాను పిలిపించుకోవడం ఆచారమైపోయింది. జంషెడ్‌పూర్ వంటి చోట పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు బడిలో హిందీ, ఆటస్థలంలో బెంగాలీ, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస మాట్లాడతారు. వారి ఈ మూడు నాల్కల జీవితం ఏ సినిమా పాటలోనూ లేదు. వారే పాడుకుంటే ఉంటుంది. ఏడాదికి ఒక సాయంత్రం వేదికను, మైకును వారికి అప్పగించి పెద్దలు ముందు వరుసలో కూర్చుంటే సంఘానికి పోయేదేమీ లేదు. భాష మాత్రం మరో తరం బతుకుతుంది.

ఒక గట్టి అభ్యంతరం మిగిలి ఉంది. ప్రభుత్వం చేయి వేస్తే వ్యంగ్యం చచ్చిపోదా? అధికారిని ఎగతాళి చేసే పాటకు అధికారి చేతిమీదుగా చెక్కు ఇప్పించడం విచిత్రం కాదా? ఈ భయం నిరాధారం కాదు. అందుకే కోరుతున్నది జీతభత్యాలు కాదు, బిరుదులూ కాదు. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ సభామందిరాలను నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. తూర్పు, దక్షిణ సాంస్కృతిక కేంద్రాల ఉత్సవాలలో స్వతంత్ర బృందాలకు ఒక పూట కేటాయించండి. ఎంపికను కళాకారులకే వదిలి, పాటల సాహిత్యాన్ని ముందుగా తెప్పించుకుని చదివే అలవాటు మానండి. దరఖాస్తులో ఒక గడి చేర్చండి. ఈ చివరి పనికి పైసా ఖర్చు లేదు.

జంషెడ్‌పూర్‌కు దగ్గరలోనే సరాయికెలా ఉంది. అక్కడి ఛౌ నృత్యం యుద్ధవిద్య నుంచి అడుగులనూ, పండుగ నుంచి ఉత్సాహాన్నీ తీసుకుని ముసుగు ధరించిన కళ. 2010లో యునెస్కో తన వారసత్వ జాబితాలో ఛౌను చేర్చింది. ఆదిలో దాన్ని ఏ గదిలో పెట్టాలో తేలేవరకు ఆడనివ్వబోమని ఎవరైనా అని ఉంటే, ఈనాడు గర్వించడానికి మనకు ఏమి మిగిలేది? ఆ అన్యాయం నేటి బృందాలకు జరగకుండా చూడవలసిన బాధ్యత ఈ పుటలు చదివే అధికారులదీ, సాహితీపరులదీ.