వల లాగే చేతికీ వాటా ఉండాలి

యూఏఈలోని షార్జా ఎమిరేట్‌కు చెందిన దిబ్బా అల్ హిస్న్‌ ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడ ‘మాలెహ్’ పేరుతో ఏటా ఉత్సవం జరుగుతుంది. మాలెహ్ అంటే మన ఉప్పుచేపే. మనం వంజరం అనే కనద్‌నూ, ట్యూనా రకాలనూ చీల్చి, కడిగి, ఉప్పు దట్టించి, డబ్బాల్లో పొరలుగా పేర్చి వారాల తరబడి మాగబెడతారు. ఐసు లేని రోజుల్లో ఈ తీరాన్ని బతికించిన తిండి అది. నేటికీ చేప విలువ ఒడ్డుమీదే పెరిగే పని అది.

ఆహారంలో 80 నుంచి 90 శాతం దాకా దిగుమతి చేసుకునే దేశానికి ఇంత చిన్న ఉత్పత్తులు లెక్కలోకి వస్తాయా? తప్పకుండా రావాలి.

యూఏఈ 2018లో జాతీయ ఆహార భద్రతా వ్యూహం–2051ని ప్రకటించింది. ఆ తర్వాత అందరి చూపూ పెద్ద సాంకేతికత మీదే పడింది. దుబాయ్‌లో 2022లో మొదలైన బుస్తానికా అనే అంతస్తుల పంటశాల ఏటా పది లక్షల కిలోలకు పైగా ఆకుకూరలు పండించగలదు. అది మెచ్చదగ్గదే. అయితే తీరగ్రామాల బతుకు ఆకుకూరలతో గడిచేది కాదు, దానికి సముద్రమే ఆధారం.

ఆ సముద్రమేమో అలసిపోయింది. హమూర్, షారి వంటి చేపలను అవి పెరిగే వేగాన్ని మించి పట్టేశారు. గర్గూర్ అనే గుమ్మటం లాంటి తీగబోనులు ఇందులో పెద్ద పాత్ర పోషించాయి. తాడు తెగి అడుగున మిగిలిపోయిన బోను, అడిగేవాడు లేకున్నా చేపల్ని పడుతూనే ఉంటుంది. అబుదాబి 2019లో వాటిని నిషేధించింది. అక్కడి సుస్థిర వేట సూచీ 2018లో పది శాతం లోపే ఉండేది, 2021 నాటికి 60 దాటింది. కట్టడి ఫలిస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ ఆ కట్టడి భారం ఎవరి మీద పడుతోంది? పడవల మీద పనిచేసేవారిలో ఎక్కువమంది భారత్, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చిన వలస కార్మికులే. ఆంధ్రప్రదేశ్ సంగతే చూడండి, అక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. ఆ విరామానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. చేపకు విరామమిస్తే మనిషికి ఆసరా ఇవ్వాలన్న ఈ న్యాయం గల్ఫ్ పడవల మీది కూలీకీ వర్తించాలి.

కొత్త దారులూ లేకపోలేదు. ఫుజైరా వైపు దిబ్బాలో 2016 నుంచి ఆల్చిప్పల సాగు నడుస్తోంది. బుట్టల్లో వేలాడే ఆల్చిప్పలకు మేత వేయనక్కర్లేదు, నీటిని వడగట్టుకుని సూక్ష్మమైన నాచుతో పెరుగుతాయి. దుబాయ్‌లో 1999లో ఏర్పడిన అంతర్జాతీయ లవణీయ వ్యవసాయ కేంద్రం మరో పద్ధతి చూపింది. మంచినీరు తీశాక మిగిలిన ఉప్పునీటిలో చేపలు పెంచి, వాటి విసర్జనతో సారం పట్టిన ఆ నీటినే సాలికోర్నియా అనే ఉప్పుమొక్కకు పారిస్తారు.

వీటికీ గండాలున్నాయి. 2008లో మొదలైన ఎర్రనాచు నెలల తరబడి యూఏఈ తూర్పుతీరాన్ని కమ్మేసి, చేపల్ని చంపి, మంచినీటి ప్లాంట్లను సైతం ఆపించింది. మళ్లీ అలాంటిదొస్తే పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్న సాగుదారు తట్టుకోలేడు. అందుకే చిన్న సాగుకు బీమా, మాలెహ్ చేసే కుటుంబాలకు ఏడాది పొడవునా మార్కెట్, వేట ఆగిన రోజుల్లో పడవ కూలీకి వేతన భరోసా – ఈ మూడూ ఆహార భద్రతా వ్యూహంలో, బడ్జెట్ కేటాయింపులతో సహా, చోటు పొందాలి.