డైవ్ వాచ్‌కి లోతు తెలుసు, నీటి లాగుడు తెలియదు

అల్ట్రా వాచ్ రివ్యూ ఏది చూసినా ఒకటే సీన్. బకెట్ నీళ్లలో ముంచడం, తీసి తుడవడం, "డైవింగ్‌కి కూడా పనికొస్తుంది" అని ఒక లైన్ చెప్పి బ్యాటరీ టాపిక్‌కి వెళ్లిపోవడం. ఆ ఒక్క లైన్ మీదే నా గొడవంతా.

మన తిరుపతికి సముద్రం వచ్చింది 2022 ఏప్రిల్‌లో. కొత్త జిల్లాలో గూడూరు, సూళ్లూరుపేట వైపు కలిశాక వాకాడు మండలం తూపిలిపాలెం బీచ్ మనదే అయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆపిల్ వాచ్ అల్ట్రా రూ.89,900కి దిగింది. తలకోన నీళ్లు చూసి పెరిగిన మనోళ్లకి రెండూ ఒకేసారి దొరికాయన్నమాట! స్కూబా నేర్చుకోవాలంటే మాత్రం పాండిచ్చేరికో వైజాగ్‌కో పోవాల్సిందే.

అల్ట్రా హార్డ్‌వేర్‌కి నేను వంక పెట్టను. డైవింగ్ డెప్త్ గేజ్‌లకుండే ఈఎన్ 13319 స్టాండర్డ్ దానికుంది, 40 మీటర్ల దాకా వాడొచ్చు. శాంసంగ్ గెలాక్సీ వాచ్ అల్ట్రాకి 10 ఏటీఎం ఉన్నా డైవింగ్‌కి వాడొద్దని కంపెనీనే చెప్తోంది. ఇక ఫోన్ ఐపీ68 అంటే కదలని మంచినీళ్ల టెస్ట్, ఉప్పునీళ్లు, అలలు దాని లెక్కలో లేవు.

అసలు సంగతి వేరే ఉంది. ఒడ్డు నుంచి నడిచి దిగే డైవ్‌లో మళ్లీ అదే ఒడ్డుకి నడిచి రావాలి, ఎత్తుకోడానికి బోటు ఉండదు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరుగంటల పన్నెండు నిమిషాలు. ఈ టైమింగ్ రోజుకి 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది, అమావాస్య, పున్నమికి పోటు పెద్దది. వైజాగ్ దగ్గర నీటిమట్టం తేడా మీటరున్నర దగ్గర్లోనే, "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ ఆ నీళ్లన్నీ ఏటి మొగలోంచో రాళ్ల సందులోంచో పోవాల్సి వస్తే లాగుడు మామూలుగా ఉండదు. ఫిన్స్ వేసుకున్న డైవర్ కూడా గంటకి రెండు కిలోమీటర్ల ప్రవాహానికి ఎక్కువసేపు ఎదురీదలేడు, సిలిండర్‌లో గాలి గబగబా అయిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నీళ్లు నిలబడే టైమ్ చూసి దిగుతారు, ముందు ప్రవాహానికి ఎదురెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దాని సాయం తీసుకుంటారు.

ఇప్పుడు వాచ్ చూడండి. ఆరు మీటర్ల లోతులో మీరు పక్కకి కొట్టుకుపోతున్నా అది "6 మీటర్లు" అనే చూపిస్తుంది. నీళ్లలో జీపీఎస్ పనిచేయదు కాబట్టి మీరు జరిగినట్టే దానికి తెలియదు. ట్యాంక్‌లో గాలెంతుందో కూడా తెలియదు. వాచ్ఓఎస్ 11లో టైడ్స్ యాప్ వచ్చింది కదా అంటారేమో. బాగుంది, పోటు టైమ్ చెప్తుంది. కానీ నీళ్లు నిలబడేది సరిగ్గా ఆ టైమ్‌కే కాకపోవచ్చు, చోటుని బట్టి మారుతుంది. అది ఆ ఊరి జాలరన్నకి తెలుసు. అలలు, ప్రవాహాల హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఫ్రీగా ఇస్తుంది, వెళ్లేముందు చూడండి.

దాదాపు తొంభైవేలు పెట్టే ఆలోచనుంటే, అందులో సగం లోపే మామూలు డైవ్ కంప్యూటర్ వస్తుంది. మిగిలినదాంట్లో గాలి నింపి పైకి వదిలే ఆరెంజ్ ట్యూబ్, ఒక విజిల్ కొనండి. దూరంగా కొట్టుకుపోయి పైకి తేలినప్పుడు పడవోళ్లకి కనపడేది ఆ ట్యూబే.