గడియారం చెప్పిన తీర్పు

బాలలూ! చిత్తూరులో మీ బడి మైదానంలో బంతిని ఎవరు ఎక్కువ ఎత్తుకు ఎగరేశారని తగాదా వస్తే ఎలా తీరుస్తారు? వాచీ చూడండి! బంతి చెయ్యి వదిలి మళ్ళీ చేతికి చేరడానికి 1 సెకను పడితే సుమారు 1.2 మీటర్లు, 2 సెకన్లు పడితే 4.9 మీటర్లు లేచినట్లే. కాలం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు!

ట్రాంపొలీన్ పోటీలో బిగించిన వలపై ఎగిరి పల్టీలు కొడతారు. 2012 లండన్ ఒలింపిక్స్ నుండి, గాలిలో గడిపిన సెకన్లనూ మార్కులకు కలుపుతున్నారు. ఆ ఏడు పురుషుల స్వర్ణం చైనా వీరుడు డాంగ్ డాంగ్‌కు దక్కింది.

ఇది న్యాయమైన పద్ధతి. పల్టీలోని అందం చూడటానికి కన్ను కావాలి, నిజమే. కాని కన్ను పొరబడవచ్చు. గడియారానికి మనవాడు, పరాయివాడు అనే తేడా లేదు. మీరూ కేకలు మాని, కొలిచి చూడండి!