అక్షరము పెద్దదైన దోషమేమి?

తెరమీది అక్షరమును పెంచుకొనుటకు ఆపరేటింగ్ సిస్టంలోనే సెట్టింగులుండగా, ప్రోగ్రాములలో పాఠ్యమును చూపు ప్రతి పెట్టెకును వేరుగా జూమ్ అమర్చుట వృథాప్రయాసమనియు, అంతగా కనబడనివారు భూతద్దపు పరికరమును తెరచుకొనవచ్చుననియు వాదించు ప్రాజ్ఞులు సాఫ్ట్‌వేర్ నిర్మాతలలో కొల్లలుగా నున్నారు. వినుటకీ మతము యుక్తియుక్తముగనే యున్నది. కాని యిది యంత్రమెవనిదో వానిని తలచి పుట్టినదే గాని, చదువరిని తలచి పుట్టినది కాదు.

ముక్త్యాల వంటి కృష్ణాతీర గ్రామమున తెర యొకరిది, చదువవలసిన కన్నులు మరియొకరివి. 2020 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమందలి భూముల రీసర్వే ఆరంభమైనది ముక్త్యాల యున్న యీ జగ్గయ్యపేట మండలమందలి తక్కెళ్లపాడుననే. ఆ రీసర్వే పిమ్మట అడంగలులో తన పేరును, తండ్రి పేరును, సర్వే నంబరును, విస్తీర్ణమును సరిగా నెక్కినవో లేదో చూచుకొనగోరి, చత్వారము వచ్చిన మెట్టరైతు గుమాస్తా బల్లకీవల నిలిచినప్పుడు, అతనికి కావలసినది నాలుగు పంక్తులు రెండు నిమిషములపాటు పెద్దవిగా కనబడుటయే. దానికై యంత్రపు సెట్టింగులనే మార్చుమందురా? మార్చిన మెనూలు, మీటలు, పట్టికలు అన్నియు నొక్కసారిగా ఉబ్బి, గుమాస్తా చేతిలోని పని చెడును. మరల తగ్గించుట మరియొక తద్దినము.

భూతద్దపు పరికరమో, బొమ్మను పెంచునే గాని పంక్తిని మరల పేర్చదు. పంక్తి తెర దాటి పోగా, కుడివైపునకు జరుపుకొనుచు చివర చేరునప్పటికి మొదలు మరపునకు వచ్చును. ఫాంటు పరిమాణమును మార్చుకొమ్మనువారు చూపునకును పత్రమునకును గల భేదమును మరచుచున్నారు: పరిమాణము మార్చిన పత్రమే మారును, జూమ్ మార్చిన చూపు మాత్రమే మారును. విండోస్ ఫారమ్స్‌లోని రిచ్‌టెక్స్ట్‌బాక్స్‌కు ఫాంటుతో నిమిత్తము లేకయే జూమ్‌ఫ్యాక్టర్ అను గుణమును పెట్టినవారు ఈ భేదమెరిగినవారే. విండోస్ తొలిరూపముతో 1985లో వచ్చిన నోట్‌ప్యాడ్‌కు మాత్రము జూమ్ 2018లో గాని రాలేదు. ముప్పది మూడేండ్ల పిమ్మట వచ్చినను ఆకాశము విరిగి పడలేదు.

జూమ్ పెట్టిన అమరిక చెదరునన్నది నిర్మాతల యసలు భయము. రోమను లిపికి సరిపడు ఎత్తును బిగించి కట్టిన పెట్టెలో తెలుగు వ్రాత జూమ్ లేకయే చెదరుచున్నదని వారెరుగరు కాబోలు. గుడులు పైనను, ఒత్తులు క్రిందను నిలుచు మన పంక్తికి మూడంతస్తులు కావలెను. క్రింది యంతస్తు తెగినచో ఒత్తు పోవును. అక్షరము చిన్నదైనచో ‘ద’కును ‘ధ’కును నడుమనున్న చిన్న గీత మాయమగును, పాసుపుస్తకమున ఇంటిపేరు మారును. కావున పెంచునప్పుడు పంక్తి యెత్తును పెరుగవలెను, పదములు పెట్టె వెడల్పునకు మరల సర్దుకొనవలెను. వెబ్ పుటలకు సౌలభ్య ప్రమాణమగు డబ్ల్యూ.సి.ఎ.జి. 2.0, అక్షరము రెండింతలైనను విషయము గాని పనితీరు గాని లోపింపరాదని 2008లోనే విధించెను. డెస్క్‌టాపు ప్రోగ్రాములకు మినహాయింపేల?

ప్రతి మీటకును, ప్రతి చిన్న పేరుపట్టీకిని జూమ్ పెట్టుమనుట నా యభిమతము కాదు. మనుష్యుడు ఆగి చదువు చోట చాలును. అదియు ప్రోగ్రాము వ్రాయువాని దయకు విడువక, ఉపకరణ సామగ్రిలోని పెట్టెకే సహజముగా నుండవలెను. క్యూటీ సామగ్రియందలి క్యూటెక్స్ట్‌ఎడిట్‌కు జూమ్‌ఇన్, జూమ్‌అవుట్ పుట్టుకతోనే యున్నవి. జావా స్వింగ్‌లోని జేటెక్స్ట్ఏరియాకు లేవు, కనుక ఎవనికి వాడు వ్రాసికొనవలెను, కనుక ఎవడును వ్రాయడు. కంట్రోల్ మీట నొక్కి మౌస్ చక్రము త్రిప్పు రహస్యమొక్కటే పెట్టి చేతులు దులుపుకొనినను చాలదు. పెంచు గుర్తు, తగ్గించు గుర్తు కంటికి కనబడవలెను, ఇప్పుడెంత శాతమున నున్నదో తెలియవలెను, ఒక్క నొక్కుతో నూటికి తిరిగి రావలెను; ఆ తిరిగివచ్చు దారి లేనిచో, రైతు ఎంత వేడినను గుమాస్తా దాని జోలికి పోడు.