మానిటరు కొనేముందు టేబులు కొలిచారా?

మూడు నెలలుగా మా పడకగదిలో బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది. ఒక పట్టుచీర తియ్యాలంటే పక్కకి ఒదిగి నిలబడి, చెయ్యి లోపలికి దూర్చి, తడుముకుని లాగాలి. "ఏమిటండీ ఈ తిప్పలు?" అంటారేమో. అంతా మేము కొన్న పెద్ద మానిటరు చలవ! ఈవారం ఆ కథే చెబుతాను. కొనాలనుకుంటున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. మా తప్పు మీకు పాఠమైతే చాలు.

మా కోడలు వారంలో మూడు రోజులు ఇంటినుంచే ఆఫీసు పని చేస్తుంది. 2020లో లాక్‌డౌన్‌తో వచ్చిన ఈ పద్ధతి చాలా ఇళ్ళల్లో సగం సగంగా నిలిచిపోయింది కదా. డైనింగ్ టేబులు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా తల వంచుకునే కూర్చునేది. ఒకరోజు అన్నం కలుపుకుంటూ "అత్తయ్యా, మెడ తిప్పలేకపోతున్నాను. ఇలాగైతే ఉద్యోగం మానెయ్యాలేమో" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. మెడనొప్పికి పోగొట్టుకోవాలా?

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది. "ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు రెండూ కలిసే ఉంటాయి. తెర కళ్ళ ఎత్తుకి లేపితే చేతులు గాల్లో ఉంటాయి. చేతులకి సరిపడా దించితే మెడ వంగిపోతుంది. రెండింటినీ విడదియ్యండి." అంటే వేరే మానిటరు, వేరే కీబోర్డు కావాలన్నమాట. "అలాగైతే పెద్దదే కొందాం. ఆఫీసు పనికీ పనికొస్తుంది, సినిమాలకీ పనికొస్తుంది" అన్నాడు మావాడు. ఇంకేం? అందరం కలిసి షాపుకి వెళ్ళి, పాతికవేలకి కాస్త అటూ ఇటూగా 32 అంగుళాలది తెచ్చేశాం.

తీరా బిగించాక తెలిసింది అసలు సంగతి. అది పెట్టింది మావారి పాత రాతబల్ల మీద. దాని లోతు 18 అంగుళాలు. మానిటరు కాళ్ళకే సగం బల్ల సరిపోయింది. కోడలి కళ్ళకీ తెరకీ మధ్య మూరెడు దూరం మిగిలింది. ఈ చివర ఉత్తరం చదివి ఆ చివర లెక్క చూడాలంటే తల అటూ ఇటూ తిప్పాల్సిందే. మెడనొప్పికి మందని తెస్తే అదే నొప్పి పెంచింది! మార్చి ఇమ్మంటే షాపువాళ్ళు "సీలు తీశాక వాపసు లేదండీ" అనేశారు. చివరికి వడ్రంగిని పిలిచి 30 అంగుళాల లోతుతో కొత్త బల్ల చేయించాం. బల్ల ముందుకి జరిగింది, బీరువా తలుపుకి అడ్డం వచ్చింది. అదీ కథ.

ముందు పేపరు కత్తిరించండి

మానిటరు సైజుని మూలనుంచి మూలకి ఐమూలగా కొలుస్తారు. అందుకే "27", "32" అని వింటే మనకి అసలు వెడల్పు తట్టదు. 24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30. 27 అంగుళాలదైతే 60 వెడల్పు, 34 ఎత్తు. 32 అంగుళాలదైతే 70 వెడల్పు, 39 ఎత్తు. చుట్టూ ఉండే అంచు దీనికి అదనం.

పాత దినపత్రికలు అతికించి ఈ కొలతకి ఒక ముక్క కత్తిరించండి. టేబులు వెనక గోడకి అంటించి, రోజూ కూర్చునేచోట కూర్చోండి. గోడకి అంటించిన పేపరు కంటే అసలు తెర కాళ్ళమీద నిలబడి ఇంకా అరజానెడు ముందుకే వస్తుందని గుర్తుంచుకోండి. 24, 27 అంగుళాలవాటికి చాపిన చెయ్యంత దూరం సరిపోతుంది. 32కి అంతకంటే ఎక్కువ, 75 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటే హాయి. అంత చోటు లేకపోతే మానిటరుని గోడకో, బల్ల అంచుకో బిగించే చెయ్యిలాంటి స్టాండు దొరుకుతుంది. దానికోసం మానిటరు వెనక నాలుగు మరల రంధ్రాలు ఉండాలి. వాటి మధ్య దూరం సాధారణంగా 75 లేదా 100 మిల్లీమీటర్లు. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. ఈ సంగతి మాకు ముందే తెలిస్తే కొత్త బల్ల ఖర్చు తప్పేది.

అంగుళాలతోపాటు చుక్కలూ లెక్కపెట్టాలి

తెరమీది బొమ్మంతా సన్నటి చుక్కలే. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో ఇవి సుమారు 20 లక్షల 70 వేలు. క్యూహెచ్‌డీ అనేదాంట్లో 36 లక్షల 80 వేల పైచిలుకు. 4కె అంటే దాదాపు 83 లక్షలు. మీకు ముగ్గులు వెయ్యడం వచ్చు కదా? అవే చుక్కలు చిన్న వాకిట్లో పెడితే ముగ్గు చిక్కగా ఉంటుంది. పెద్ద వాకిట్లో దూరం దూరంగా పెడితే పలచబడుతుంది. తెరా అంతే. 24 అంగుళాలకి ఫుల్ హెచ్‌డీ బాగానే ఉంటుంది. అదే 32 అంగుళాలమీద పరిస్తే అక్షరాల అంచులు రంపపు పళ్ళలా కనిపిస్తాయి. 27కి కనీసం క్యూహెచ్‌డీ ఉంటే మంచిది. 32కి క్యూహెచ్‌డీ ఫరవాలేదు, 4కె అయితే అచ్చు పుస్తకంలా ఉంటుంది. అయితే 4కెలో అక్షరాలు మరీ చిన్నవైపోతాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి 150 శాతానికి పెంచుకోవాలి.

ఇది తేల్చుకోవడానికి మన తెలుగు అక్షరాలే మంచి పరీక్ష. షాపులో ఒక తెలుగు పేజీ తెరిపించండి. "ర"కీ "ఠ"కీ, "ధ"కీ "థ"కీ తేడా ఒక్క చుక్కే కదా. చాపిన చెయ్యంత దూరంనుంచి ఆ చుక్క, "స్త్రీ"లో కింది ఒత్తులు విడివిడిగా కనిపిస్తే ఆ తెర మీ పనికి సరిపోతుంది. అలుక్కుపోతే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దనండి.

చీరల షాపు సూత్రం

షాపులో అన్ని తెరలమీదా రంగురంగుల చేపలు, పూలతోటలు తిరుగుతుంటాయి. వెలుతురు పూర్తిగా పెంచి పెడతారు. చీరల షాపులో లైట్ల కింద చూసిన రంగుని నమ్మకుండా గుమ్మం దాకా తెచ్చి వెలుగులో చూసుకుంటాం కదా? ఇక్కడా అదే పని చెయ్యాలి. వెలుతురు తగ్గించమనండి. తెల్ల పేజీ పెట్టించి నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయా చూడండి. నల్ల పేజీ పెట్టిస్తే వెలిగిపోయి ఆరని చుక్కలుంటే బయటపడతాయి. అలాంటి చుక్క ఇంటికెళ్ళాక కనిపిస్తే మార్చి ఇస్తారా, ఎన్ని చుక్కలుంటే ఇస్తారు, ఎన్ని రోజుల్లోగా అడగాలి అని ముందే అడిగి బిల్లుమీద రాయించుకోండి.

తెరల్లో రకాలున్నాయి. ఐపీఎస్ రకమైతే పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. వీఏ రకంలో నలుపు చిక్కగా వస్తుంది. చీకటి గదిలో సినిమాలు చూసేవాళ్ళకి అది నచ్చుతుంది. పక్కకి జరిగితే మాత్రం కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. ఇక ఈ హెర్ట్జ్ లెక్క ఏమిటంటారా? తెరమీది బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో అది. ఆఫీసు పనికీ, సినిమాలకీ 60 చాలు. 144, 165 అన్నవి ఆటలు ఆడే పిల్లలకి. మీ ఇంట్లో ఆడేవాళ్ళు లేకపోతే వాటికి డబ్బు పొయ్యక్కర్లేదు.

ఇంకో మాట. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కి ఏ ప్లగ్గు ఉందో ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల హెచ్‌డీఎంఐ ప్లగ్గు 4కెని సెకనుకి 30సార్లే పంపగలదు. మౌసు కదిపితే బాణం ఈడ్చుకుంటూ వస్తుంది. మానిటరుది తప్పనుకుని అందరూ తిట్టుకుంటారు. యూఎస్‌బీ-సి ప్లగ్గున్న మానిటర్లలో కొన్నింటికి ఒక్క వైరుతోనే బొమ్మా వస్తుంది, ల్యాప్‌టాప్ ఛార్జీ కూడా అవుతుంది. బల్లమీద వైర్ల చిక్కు తగ్గుతుంది.

"టీవీ ఉంది కదా?"

మా పక్కింటి వదినగారు ఈ ప్రశ్నే వేశారు. "మా హాల్లో 32 అంగుళాల టీవీ ఉంది. దానికే తగిలించుకుంటే సరిపోదా?" అని. ఎదురుగా సోఫాలో కూర్చుని పాటలు చూడ్డానికి సరిపోతుంది. కానీ 32 అంగుళాల టీవీలు చాలావరకు హెచ్‌డీ రెడీవే. చుక్కలు పదిన్నర లక్షలు మాత్రమే. దగ్గరగా కూర్చుని ఎనిమిది గంటలు అక్షరాలు చదివితే కళ్ళు లాగేస్తాయి. నెలకోసారి లెక్కలు చూసుకునేవాళ్ళకి ఫరవాలేదు. రోజూ పనిచేసే మనిషికి వద్దు.

పనికి సరే, సరదాకి?

మూడు నెలల తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాలంటే పనికి నూటికి తొంభై మార్కులు. ఒకపక్క ఉత్తరాలు, మరోపక్క లెక్కల కాగితం తెరిచి పెట్టుకుంటుంది కోడలు. బల్ల మారాక మెడనొప్పి తగ్గింది. ఉద్యోగం మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. దాని ఖరీదు ఎంతని కడతాం?

సరదాకి మాత్రం యాభై మార్కులే. మాది ఐపీఎస్ తెర. రాత్రి లైట్లార్పి సినిమా పెడితే నల్లటి చీకటి కాస్తా బూడిదరంగులో కనిపిస్తుంది. లోపలి స్పీకర్లు డబ్బాలో గులకరాళ్ళు. విడిగా స్పీకర్లు కొనాల్సి వచ్చింది. పైగా బల్లముందు ఒక కుర్చీయే పడుతుంది. నలుగురం చూడాలంటే మంచం అంచునే కూర్చోవాలి. మళ్ళీ కొనాల్సివస్తే 27 అంగుళాల క్యూహెచ్‌డీయే తీసుకుంటాను. మా గదికి అదే సరి. పెద్ద గది, లోతైన బల్ల ఉన్నవాళ్ళు 32 నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

చత్వారం వచ్చినవాళ్ళకి

ఈ తెరమీద నేనూ రాస్తున్నాను కాబట్టి నా వయసువాళ్ళకి ఒక మాట. తెర పై అంచు కళ్ళకి సమానంగానో, కాస్త కిందగానో ఉండాలంటారు. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉన్న కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి అది సరిపోదు. కింది భాగంలోంచి చూడాలని గడ్డం పైకెత్తేస్తాం, మెడ పట్టేస్తుంది. తెరని ఇంకాస్త దించుకోండి. కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు కంటినుంచి తెరదాకా టేపుతో కొలిచి, ఆ లెక్క చెప్పండి. ఆ దూరానికే అద్దాలు రాస్తారు.

తెర వెలుతురు ఎంతుండాలి? తెల్ల పేజీ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. రెండూ ఒకేలా ఉంటే సరైనట్టు. తెర ట్యూబులైటులా కనిపిస్తే తగ్గించండి. కిటికీ తెరకి ఎదురుగానో, వెనకో కాకుండా పక్కన ఉండేలా చూసుకోండి. నీలికాంతి ఆపే కళ్ళద్దాలని అంటగడతారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తల్మాలజీ వాటిని సిఫారసు చెయ్యడం లేదు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువసార్లు వేస్తాం. కళ్ళు మండేది ఎక్కువగా అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. మా కోడలు ఎదురింటి జామచెట్టుని చూస్తుంది. దానికి ఖర్చులేదు.

ఖర్చు, కరెంటు, దుమ్ము

మాది 40 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు వేసుకున్నా 8 యూనిట్లు. పాత సీలింగు ఫ్యాను అంతకంటే ఎక్కువే తింటుంది. 32 అంగుళాలు దాటినవాటిమీద ఇదివరకు 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. పాత ధర చీటీ చూపిస్తే ఈ సంగతి గుర్తుచెయ్యండి.

తుడిచేటప్పుడు ముందు స్విచ్చి కట్టేసి, తెర చల్లారనివ్వండి. కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో పొడిగా తుడవండి. మరక పోకపోతే గుడ్డని కాస్త తడిపి గట్టిగా పిండి వాడండి. కిటికీ అద్దాలకి చల్లే ద్రావణం తెరమీద చల్లారో, పైపూత పోతుంది.

చివరగా ఒకటి. అంత పెద్ద తెర పడకగదిలో ఉంటే ఆఫీసు కూడా పడకగదిలోనే ఉన్నట్టు. మొదట్లో రాత్రి పదకొండింటికి కూడా ఏదో ఉత్తరం వచ్చి వెలిగేది, కోడలు లేచి కూర్చునేది. ఇప్పుడు సాయంత్రం ఏడుకి తను ఆపేస్తుంది. చల్లారాక నేనొక గుడ్డ కప్పేస్తాను. ఒకప్పుడు టీవీలకి అల్లిక గుడ్డలు కప్పేవాళ్ళం గుర్తుందా? అలాంటిదే, నా పాత వెంకటగిరి చీర చెంగుతో కుట్టాను. అది కప్పాక మళ్ళీ తియ్యకూడదని మా ఇంటి షరతు.

బీరువా సంగతంటారా? వచ్చే నెల దాన్ని హాల్లోకి మార్పిస్తానని మావారు మాటిచ్చారు. ఈలోగా మీరు మానిటరు కొనబోతుంటే ముందు టేపు తీసి టేబులు కొలవండి. అలాగే బీరువా తలుపు కూడా!