లాకర్లో ఫిడేలు

పాత ప్లేట్ల మీద మళ్లీ మోజు పుట్టింది. మంచిదే. ఒకప్పుడు పాత ఇనుప సామాన్ల బండివాడికి తూచి పోసిన గ్రామఫోను రికార్డులనే ఇవాళ గాజు అల్మారాల్లో పెట్టి, ఒక్కొక్కదానికి తొడుగు వేసి, ఇంటికి వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు. బళ్లారిలోనూ హోస్పేటలోనూ బెంగళూరులో స్థిరపడిన మనవాళ్లలోనూ ఇలా సేకరించేవాళ్లు కొందరు నాకు తెలుసు. వాళ్లతో నాకున్న పేచీ ఒక్కటే. వాళ్లు వాటిని మోగించరు.

ఫిడేలు ప్లేట్ల విషయంలో ఈ జబ్బు మరీ ముదిరింది. "ద్వారం వారి ప్లేటు నా దగ్గర ఉంది" అంటారు. వినిపించండి అంటే "సార్, ముల్లు పెడితే రేటు పడిపోతుంది" అంటారు. ఏ రాగం, వెనక మృదంగం ఎవరు అని అడిగితే అట్ట తిప్పి చదువుతారు. ఈ రోగం మనం కనిపెట్టింది కాదులెండి. జొహానా మార్ట్జీ అనే హంగేరియన్ ఫిడేలు విద్వాంసురాలు 1950లలో కొలంబియా వారికి బాఖ్ సొనాటాలు మూడు ఎల్పీల్లో వాయించింది. ఆ మూడు ప్లేట్ల మొదటి అచ్చుకు ఇవాళ వేల పౌన్లు, అంటే మన లక్షల రూపాయలు, పోసేవాళ్లున్నారు. ఆమె 1979లో చనిపోయింది. ఆ డబ్బులో దమ్మిడీ ఆమెకు ముట్టలేదు. అంత పెట్టి కొన్నవాడు దాని మీద ముల్లు పెట్టడానికి జంకుతాడు. సంగీతం పేరుతో సాగుతున్న ఈ వ్యాపారంలో అక్కరలేనిది సంగీతం ఒక్కటే.

బ్యాంకులో పనిచేసేవాడిగా నాకు లాకరుకూ డిపాజిట్టుకూ తేడా తెలుసు. లాకర్లో పెట్టినదేమిటో బ్యాంకుకు తెలియదు. దాని మీద వడ్డీ పుట్టదు. అది ఎవడి అవసరానికీ అందదు. డిపాజిట్టు అలాంటిది కాదు. పెట్టినవాడి సొత్తు పెట్టినవాడిదిగానే ఉంటుంది, ఆ మధ్యలో అదే డబ్బు మిరప రైతుకూ, జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డుకూ పోయి తిరిగి వస్తుంది. పాత ప్లేటును మనవాళ్లు లాకరు సరుకు చేసేశారు. నేను అడిగేది దాన్ని డిపాజిట్టు చేయమని. ప్లేటు మీ దగ్గరే ఉండనివ్వండి, పాటను తిరగనివ్వండి.

"వాయిస్తే అరిగిపోతుంది" అన్నది వాళ్ల మొదటి జవాబు. సంగనకల్లు వాళ్లం మేము ఈ మాట వింటే నవ్వుకోవాలి. మా గుట్టల్లో, కుప్పగల్లు వైపు, నల్ల డోలరైటు బండలున్నాయి. నవీన శిలాయుగం నాటి మనుషులు వాటి మీద మూపురపు ఎద్దుల బొమ్మలు చెక్కారు. కొన్ని బండల్లో నున్నటి గుంటలున్నాయి, అక్కడ చిన్న రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతుంది. 19వ శతాబ్దం చివర్లోనే దొరలు దీన్ని గురించి రాశారు, తరవాత లోకం మరచిపోయింది. 2004లో నికోల్ బొయివిన్ అనే పురావస్తు పరిశోధకురాలు ఆంటిక్విటీ పత్రికలో మళ్లీ బయటపెట్టింది. ఆ గుంటలు ఎలా పడ్డాయి? కొట్టగా కొట్టగా పడ్డాయి. అరిగిపోతుందని ఆనాటి మనిషి చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే మోగే బండ ఏదో మోగనిది ఏదో మనకు తెలిసేదే కాదు. ఆ బండలకు ముప్పు వచ్చింది వాయించినవాడి వల్ల కాదు, కంకర క్వారీ వల్ల. ప్లేట్ల సంగతీ అంతే. ముల్లు వల్ల అరిగినవాటికంటే, యజమాని పోయాక కొడుకులకు పనికిరాక, గోనెసంచిలో పగిలి పోయినవే ఎక్కువ అని నా నమ్మకం.

అరుగుదల అబద్ధమని నేననను. పాత గ్రామఫోను ఇనుప ముల్లు నిజంగానే తినేస్తుంది. అందుకే పక్కకొక ముల్లు మార్చేవారు. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. ఎల్పీ ముల్లుతో 78 ప్లేటు వాయిస్తే అది గాడి అడుగున పడి దొర్లుతుంది, గరగర తప్ప ఏమీ రాదు. తగిన ముల్లు, తేలికైన చెయ్యి ఉన్న యంత్రం మీద ఒకసారి శ్రద్ధగా వాయించి కంప్యూటరులోకి ఎక్కిస్తే ఆ తరవాత ఎన్నివేల సార్లు విన్నా ప్లేటుకు నష్టం లేదు. అంటే అరుగుదల భయం ఉన్నవాడు అందరికంటే ముందు చేయవలసిన పని అదే. ఇంకొక మాట. 78 ప్లేటు వైనిల్ కాదు, లక్కతో చేసింది. దాన్ని స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగిపోతుంది. ఎల్పీ వైనిల్, దానికి ఎండ శత్రువు. మా బళ్లారి వేసవిలో కిటికీ పక్కన ఒక మధ్యాహ్నం వదిలేస్తే అప్పడంలా వంకర తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. లక్షలు పోసి కొన్నవాళ్లలో ఈ మాత్రం తెలిసినవాళ్లు ఎందరు?

రెండో జవాబు చట్టం. "కాపీ చేస్తే కంపెనీ కేసు పెడుతుంది." నేను బి.కాం.లో చదివిన వాణిజ్య చట్టాలకే పరిమితమై చెబుతున్నాను. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు రక్షణ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964 నవంబరులో పోయారు. ఆయన బతికుండగా విడుదలైన ప్రతి ప్లేటుకూ ఆ గడువు 2024 డిసెంబరు 31తో తీరిపోయింది. అందులో ఆయన వాయించిన త్యాగయ్య కృతి ఎప్పటినుంచో అందరి సొత్తు. ఇప్పుడు ఆ వాయిద్యమూ అందరి సొత్తే. 1970లో వచ్చిన లాల్గుడి జయరామన్ ఎల్పీయో, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ ఎల్పీయో అయితే 2030 చివరిదాకా ఆగాలి, అది న్యాయమే. కానీ మీ అల్మారాలో ఉన్నవి అన్నీ అవే కావు కదా.

ఇక మూడో జవాబు, "అన్నీ ఇంటర్నెట్లో ఉన్నాయి." కొన్ని ఉన్నాయి. ఎలా ఉన్నాయో చూడండి. ప్లేటు నంబరు ఉండదు, సంవత్సరం ఉండదు, మృదంగం ఎవరో ఉండదు. అన్నిటికన్నా ఘోరం వేగం. 78 అని పేరేగాని పాత ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతో ముద్రించినవి కావు. తిరిగే వేగం నూటికి ఆరు పాళ్లు హెచ్చితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. రాగం మారదు, కానీ ఆ తీగల బిగువు, ఆ కమాను బరువు, ఆ నాదంలో గాంభీర్యం మారిపోతాయి. ఫిడేలు నాయుడు గారి నాదం విన్నాననుకుని కుర్రవాడు మరెవరి నాదమో విని పోతాడు. ప్లేటు చేతిలో ఉన్నవాడే ఈ తప్పు దిద్దగలడు.

గాత్రం కంటే ఫిడేలు విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, కృతి పుస్తకంలో ఉంటుంది, సాహిత్యం జనం నోట ఉంటుంది. కమాను ఎక్కడ మొదలైంది, ఎక్కడ తిరిగింది, ఏ గమకాన్ని ఒక్క ఊపులో లాగారు అన్నది ఏ స్వరలిపిలోనూ లేదు. బాలుస్వామి దీక్షితులు కాలం నుంచి రెండు వందల ఏళ్లుగా ఈ పరదేశపు పెట్టె మన చేతిలో ఎలా మన గొంతు నేర్చుకుందో చెప్పే సాక్ష్యం ప్లేటు వచ్చేవరకు లేదు. వచ్చాక కూడా మొదట్లో కష్టమే. కొమ్ములోకి వాయించే రోజుల్లో ఫిడేలు సన్న స్వరం సరిగా ఎక్కేది కాదు. దానికోసమే 1899లో స్ట్రో అనే ఆయన ఫిడేలుకు లోహపు కొమ్ము తగిలించాడు. 1925లో మైకు వచ్చాకే ఫిడేలుకు ప్లేటు మీద న్యాయం జరిగింది. ఆ తరవాత కూడా ఒక్కో పక్క మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు. గంటసేపు రాగం విస్తరించే మనిషి మూడు నిమిషాల్లో ఏది ఉంచాడు, ఏది వదిలాడు అన్నదే ఒక పెద్ద పాఠం.

సేకరణదారులు మరచిపోయే సంగతి ఇంకొకటుంది. వాళ్లు సోలో ప్లేట్ల వెంటే పరుగెడతారు. మన ఫిడేలు బతుకంతా పక్కవాద్యంలో గడిచింది. 1966లో ఐక్యరాజ్యసమితిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడితే వి.వి. సుబ్రహ్మణ్యం వాయించారు. అలా గాత్రం ప్లేట్లలో ఎంత గొప్ప ఫిడేలు దాగి ఉందో! వాటిని ఫిడేలు ప్లేట్లుగా ఎవరూ లెక్కపెట్టరు, అందుకే అవి చవక. పాత ప్లేట్ల మీద అయితే పక్కవాద్యం వారి పేరే తరచు వేసేవారు కాదు. పేరు గుర్తుపట్టగల చెవులున్న పెద్దలు ఒకరొకరే వెళ్లిపోతున్నారు. ఇవాళ వినిపించి అడగకపోతే రేపు అడగడానికి మనిషి ఉండడు.

"ఇదంతా హైదరాబాదు వాళ్లో విజయవాడ వాళ్లో చూసుకోవాలి" అనే మాట మన సంఘాల్లో వింటుంటాను. ద్వారం వారు 1893లో పుట్టింది బెంగళూరులో. 1919లో ఫిడేలు అధ్యాపకుడిగా చేరింది విజయనగరంలో. 1941లో సంగీత కళానిధి అందుకున్నదీ, 1952లో యెహుదీ మెనుహిన్ ఆయన్ని విన్నదీ మద్రాసులో. ఆ రోజుల్లో లక్క బీహారు అడవుల్లోది, ప్లేట్లు అచ్చయింది కలకత్తా పక్కన డండంలో, కొన్నది బళ్లారి కోమటి. దీన్ని ఏ రాష్ట్రం పద్దులో రాస్తారు? 1953లో మా జిల్లాను కోసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటిచ్చి మిగతాది మైసూరులో కలిపినప్పుడు ఇళ్లలోని ప్లేట్లను ఎవరూ పంచలేదు. బళ్లారి రాఘవ గారి పేరు ఇక్కడి రంగమందిరం మీద ఉంది, ఆయన గొంతు వినాలంటే ఎక్కడికి పోవాలి?

మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు కొన్నవాటిని విని, విన్నవాటి గురించి రాస్తూ వచ్చారు. బెంగళూరులో విక్రమ్ సంపత్ మొదలుపెట్టిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ పాత ప్లేట్లను ఉచితంగా వినే వీలు కల్పించింది. ఇది చేయగలిగిన పని అనడానికి ఈ రెండూ చాలు. మన సంఘాలు ఉగాదికి శాలువాలకూ పూలదండలకూ పెట్టే ఖర్చులో ఒక ఏడాది వాటాతో మంచి యంత్రం, రెండు రకాల ముళ్లు వస్తాయి. పైగా ఆ శాలువా ఒక్కోసారి, అల్మారాకు తాళం వేసుకున్న పెద్దమనిషికే కప్పుతున్నాం!

నేను అడిగే మొదటి పని యంత్రం కూడా కాదు. ఒక చిట్టా పుస్తకం. కంపెనీ పేరు, ప్లేటు నంబరు, రెండు పక్కల పాట, రాగం, వాగ్గేయకారుడు, వాయించినవారు, పక్కవాద్యం, ప్లేటు స్థితి. దీనికి సంగీతం రానక్కరలేదు, గుమాస్తా ఓపిక ఉంటే చాలు. ఈ పత్రిక చదివేవాళ్లలో పది ప్లేట్లున్నవాళ్లు ఆ పదింటి చిట్టా పంపండి, సంపాదకులు చోటిస్తే నెలకొక పేజీ వేద్దాం. గాత్రం ప్లేట్లు కూడా రాయండి, ఫిడేలు ఎవరిదో తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, చదివినవాళ్లెవరైనా నింపుతారు. చివర ఇంకొక గడి కూడా గీయండి, ఆ ప్లేటు ఆఖరుసారి మోగిన తేదీకి.